పీసీఓఎస్‌కు మాత్రలు వాడుతుండగా మధ్యలో రక్తస్రావం: కొనసాగించాలా, మార్చాలా, వేరే పద్ధతికి వెళ్లాలా?

పీసీఓఎస్ (అండం నెలనెలా విడుదల కాని హార్మోన్ల సమస్య) ఉన్న స్త్రీకి గర్భనిరోధక మాత్రలు రాసిచ్చేటప్పుడు డాక్టరు సాధారణంగా చెప్పే మాట, ఇకపై నెలసరి క్రమంగా వస్తుందని. అందుకే మాత్రలు మొదలుపెట్టిన రెండో వారంలోనో మూడో వారంలోనో రక్తపు మరకలు కనిపిస్తే కంగారు పుడుతుంది. మాత్ర పనిచేయడం లేదని, జబ్బు ముదిరిందని, మానేయడమే మేలని ఒకదాని వెనుక ఒకటి ఆలోచనలు వస్తాయి. ఆ స్థితిలో ఉన్నవారి ముందు నిజానికి చాలా దారులే ఉన్నాయి. అదే మాత్రను మరికొన్నాళ్లు కొనసాగించవచ్చు, వేసుకునే తీరును సరిచేసుకోవచ్చు, మాత్రలోని ఈస్ట్రోజెన్ మోతాదునో ప్రొజెస్టిన్ (ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే కృత్రిమ హార్మోన్) రకాన్నో మార్పించుకోవచ్చు, మాత్రలు వదిలి యోనిలో పెట్టుకునే రింగుకో గర్భాశయంలో అమర్చే హార్మోన్ ఐయూడీకో మారవచ్చు, గర్భనిరోధం అవసరం లేనివారు విడతలవారీగా ప్రొజెస్టెరాన్ తీసుకోవచ్చు. ఏది తగినదన్నది రక్తస్రావం ఎందుకు వస్తోందన్న దాని మీద, అసలు మాత్రలు ఎందుకు మొదలుపెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. ఎవరికీ తగని దారి మాత్రం ఒకటుంది. డాక్టరుకు చెప్పకుండా, బదులుగా మరొకటి మొదలుపెట్టకుండా స్ట్రిప్ మధ్యలో మానేయడం అది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం పీసీఓఎస్ స్వభావంలోనే ఉంది. ఈ స్థితిలో అండం నెలనెలా విడుదల కాదు కాబట్టి శరీరంలో ప్రొజెస్టెరాన్ తగినంత తయారు కాదు. ఈస్ట్రోజెన్ మాత్రం తన పని తాను చేస్తూ గర్భాశయ లోపొరను పెంచుతూ పోతుంది. అడ్డుకునే ప్రొజెస్టెరాన్ లేకుండా నెలల తరబడి, ఏళ్ల తరబడి ఇలా పెరిగిన పొరలో కణాలు అసాధారణంగా మారే అవకాశం ఉంది, కొందరిలో అది గర్భాశయ లోపొర క్యాన్సరుకు దారితీయవచ్చు. మాత్రలోని ప్రొజెస్టిన్ ఈ పెరుగుదలకు కళ్లెం వేస్తుంది. మొటిమలు తగ్గడం, అవాంఛిత రోమాలు తగ్గడం, గర్భం రాకుండా ఉండడం అన్నీ ముఖ్యమే, కానీ కంటికి కనిపించని ఈ రక్షణను మరిచిపోయి నిర్ణయం తీసుకోకూడదు.

ఒకే మరక, రెండు వేర్వేరు కారణాలు

మధ్యలో వచ్చే రక్తస్రావం వెనుక పూర్తిగా వ్యతిరేకమైన రెండు స్థితులు ఉండవచ్చు. మొదటిది, మందమైన పొర. నెలసరి రాక మూడు నాలుగు నెలలైన తర్వాత మాత్రలు మొదలుపెట్టిన వారిలో అప్పటికే పేరుకున్న పొర ఒక్కసారిగా కాకుండా ముక్కలు ముక్కలుగా రాలుతుంది, దానితో మొదటి ఒకటి రెండు నెలలు ఎక్కువ రక్తం, కొన్నిసార్లు గడ్డలు కనిపించవచ్చు. ఇలాంటి పరిస్థితి రాకుండా కొందరు డాక్టర్లు గర్భం లేదని నిర్ధారించుకుని, ముందుగా కొన్ని రోజులు ప్రొజెస్టెరాన్ ఇచ్చి పొర రాలిన తర్వాతే గర్భనిరోధక మాత్రలు మొదలుపెడతారు.

రెండోది, బాగా పలచబడిన పొర. మాత్రలు కొన్ని నెలలు వాడిన తర్వాత ప్రొజెస్టిన్ ప్రభావంతో పొర పలచనై, అందులోని సన్నని రక్తనాళాలు పెళుసుగా మారి అక్కడక్కడ చిట్లుతాయి. అప్పుడు కనిపించేది గోధుమ రంగు మరకో, కొద్దిపాటి ఎర్రని చుక్కలో. ఇది మందు పనిచేయకపోవడం కాదు, పొర మీద మందు పనిచేస్తున్నందువల్ల వచ్చిన ఫలితం. మాత్రలను క్రమం తప్పకుండా వేసుకుంటున్నంత వరకు ఇలాంటి మరకల వల్ల గర్భనిరోధక శక్తి తగ్గదు.

ఈ తేడా ఎంపికను నేరుగా ప్రభావితం చేస్తుంది. పొర పలచబడి రక్తం వస్తున్నప్పుడు ఈస్ట్రోజెన్ మోతాదు కొద్దిగా పెంచితే పొర నిలదొక్కుకుంటుంది. పొర మందంగా ఉండి రక్తం వస్తున్నప్పుడు అవసరమైనది ప్రొజెస్టెరాన్ ప్రభావం. ఏది మీ స్థితి అన్నది బయటి నుంచి ఊహించడం కష్టం. మాత్రలు మొదలుపెట్టి ఎన్నాళ్లైంది, అంతకు ముందు ఎన్ని నెలలు నెలసరి రాలేదు, రక్తం ఎంత మేర వస్తోంది అన్న వివరాలతో డాక్టరు కొంతవరకు చెప్పగలరు, అవసరమైతే స్కానింగ్‌లో పొర మందం చూస్తారు.

ఇక స్ట్రిప్ చివర హార్మోన్ మాత్రలు లేని విరామంలో వచ్చే రక్తస్రావం నిజమైన నెలసరి కాదని కూడా గుర్తుంచుకోవాలి. అది హార్మోన్ ఆగినందువల్ల వచ్చేది. అది క్రమంగా వస్తే పీసీఓఎస్ నయమైనట్టు కాదు, ఒక నెల రాకపోతే ముదిరినట్టూ కాదు.

మాత్ర మార్చే ముందు వేసుకునే తీరు చూడాలి

మాత్ర మార్చమని అడిగే ముందు గడిచిన రెండు నెలలను నిజాయితీగా గుర్తు చేసుకోవడం అన్నిటికంటే ఉపయోగకరం. మధ్యలో రక్తం రావడానికి తరచుగా కనిపించే కారణం మాత్ర మరిచిపోవడం లేదా రోజుకో వేళకు వేసుకోవడం. తక్కువ మోతాదు మాత్రల విషయంలో ఇది మరింత త్వరగా బయటపడుతుంది. ఈ కారణం ఉన్నప్పుడు ఎన్ని రకాలు మార్చినా ఫలితం ఒకటే.

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్న మాత్రల్లో ఒక్కటి మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని, తర్వాతిది మామూలు వేళకే వేసుకోవాలి, ఒకే రోజు రెండు పడినా ఫరవాలేదు. వరుసగా రెండు లేదా అంతకంటే ఎక్కువ తప్పిపోతే, అంటే మొదట తప్పిన మాత్ర వేసుకోవలసిన వేళ నుంచి 48 గంటలు దాటితే, తప్పిపోయినవాటిలో చివరిది మాత్రమే వేసుకుని మిగిలినవి పక్కన పెట్టాలి, తర్వాత వరుసగా 7 రోజులు మాత్రలు పడేవరకు కండోమ్ వంటి అదనపు రక్షణ వాడాలి. ఇది స్ట్రిప్‌లోని హార్మోన్ మాత్రల చివరి వారంలో జరిగితే విరామం తీసుకోకుండా మరుసటి స్ట్రిప్ మొదలుపెట్టాలి. మొదటి వారంలో జరిగి, అంతకు ముందు 5 రోజుల్లో రక్షణ లేని కలయిక ఉంటే అత్యవసర గర్భనిరోధకం గురించి డాక్టరును అడగాలి.

ఇతర మందులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కార్బమజెపిన్, ఫెనిటోయిన్, మూలికా మందుగా అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్ శరీరంలో హార్మోన్లను త్వరగా కరిగించేసి రక్తస్రావానికీ, గర్భం రావడానికీ కూడా అవకాశమిస్తాయి. మామూలు యాంటీబయాటిక్స్ చాలావాటికి ఈ గుణం లేదు. పీసీఓఎస్‌తో పాటు అధిక బరువు ఉన్నవారికి ఇప్పుడు ఇస్తున్న టిర్జెపటైడ్ ఇంజెక్షన్ నోటి ద్వారా తీసుకునే గర్భనిరోధక మాత్రల శోషణను తగ్గిస్తుంది, కాబట్టి అది మొదలుపెట్టినప్పుడు, మోతాదు పెంచిన ప్రతిసారీ 4 వారాల పాటు అదనపు రక్షణ కావాలి. రోమాల కోసం వాడే స్పైరనోలాక్టోన్ తనంతట తానే నెలసరిని అస్తవ్యస్తం చేయగలదు. వాంతులు, విరేచనాలు, పొగతాగడం కూడా ఈ జాబితాలోనివే.

ఇవన్నీ చూసుకున్న తర్వాత కూడా ఒక పని మిగులుతుంది, గర్భ పరీక్ష. పీసీఓఎస్ ఉన్నందున తమకు గర్భం రాదనుకునే స్త్రీలు చాలామంది ఉన్నారు, అది నిజం కాదు. అండం అరుదుగా విడుదలవుతుందే తప్ప అసలు కాకుండా పోదు.

ఎదురుచూడడమా, మార్చడమా

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్న ఉమ్మడి మాత్రలు కొత్తగా మొదలుపెట్టిన వారిలో మొదటి మూడు నెలలు మధ్యలో మరకలు కనిపించడం చాలా సాధారణం, చాలామందిలో అది దానంతట అదే తగ్గిపోతుంది. అందువల్ల రక్తం తక్కువగా ఉండి, నెలనెలా తగ్గుముఖం పడుతూ, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నప్పుడు మూడు నెలలు ఓపిక పట్టడమే నేను మొదట సూచించే ఎంపిక. దీనికి మరో కారణం కూడా ఉంది. ఈస్ట్రోజెన్ కాలేయంలో ఒక ప్రొటీన్‌ను పెంచి, రక్తంలో స్వేచ్ఛగా తిరిగే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్‌ను తగ్గిస్తుంది. ఆ ప్రభావం మొటిమల మీద కనబడడానికి కొన్ని నెలలు, రోమాల మీద కనబడడానికి కనీసం ఆరు నెలలు పడుతుంది. రెండు నెలలకొకసారి మాత్ర మార్చుకుంటూ పోయేవారు ఏ మాత్రనూ న్యాయంగా పరీక్షించినట్టు కాదు.

మూడు నెలలు దాటినా మరకలు తగ్గకపోతే, లేదా రక్తస్రావం వల్ల రోజువారీ జీవితం ఇబ్బంది పడుతుంటే మార్చడం సబబు. మొదట చూడవలసినది ఈస్ట్రోజెన్ మోతాదు. 20 మైక్రోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రాడియోల్ (మాత్రల్లో వాడే ఈస్ట్రోజెన్) ఉన్న మాత్రల్లో మధ్యలో రక్తస్రావం 30 లేదా 35 మైక్రోగ్రాముల మాత్రల కంటే ఎక్కువ. కాబట్టి 20 వాడుతున్నవారికి 30కి మారడం సూటి పరిష్కారం. అయితే ఎక్కువ మోతాదే మంచిదని అర్థం చేసుకోకూడదు. 2023లో వెలువడిన పీసీఓఎస్ అంతర్జాతీయ మార్గదర్శకాలు ఫలితమిచ్చే కనిష్ఠ మోతాదునే ఎంచుకోమని, ఏ ఒక్క రకం మాత్రనూ మిగిలినవాటి కంటే గొప్పదిగా చెప్పలేమని, 35 మైక్రోగ్రాముల ఈస్ట్రోజెన్‌తో సైప్రొటెరోన్ అనే ప్రొజెస్టిన్ కలిసిన మాత్రను మొదటి ఎంపికగా వాడవద్దని సూచించాయి. పీసీఓఎస్‌కు ప్రత్యేకమైన మాత్ర అంటూ ఒకటి ఉందని విని, అది దొరకలేదని బాధపడేవారికి ఇది ఊరట కలిగించాలి.

ఇప్పటికే 30 వాడుతున్నవారికి ప్రొజెస్టిన్ రకాన్ని మార్చి చూడవచ్చు. ఇక్కడ లాభనష్టాలు రెండూ తూచాలి. డ్రోస్పైరినోన్, డెసోజెస్ట్రెల్ వంటివి మొటిమలున్నవారిలో ఎక్కువగా వాడుతుంటారు, లెవోనార్జెస్ట్రెల్ రక్తం గడ్డకట్టే ప్రమాదం విషయంలో కాస్త నయం. సంవత్సరానికి 10,000 మంది స్త్రీలను తీసుకుంటే, మాత్రలు వాడనివారిలో సుమారు ఇద్దరికి, లెవోనార్జెస్ట్రెల్ మాత్రలు వాడేవారిలో 5 నుంచి 7 మందికి, డ్రోస్పైరినోన్ లేదా డెసోజెస్ట్రెల్ ఉమ్మడి మాత్రలు వాడేవారిలో 9 నుంచి 12 మందికి సిరల్లో రక్తం గడ్డకడుతుందని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ అంచనా. సంఖ్యలు చిన్నవే, కానీ అధిక బరువు ఉన్నవారికి, కుటుంబంలో ఈ చరిత్ర ఉన్నవారికి చిన్న తేడా కూడా ముఖ్యమే. డ్రోస్పైరినోన్ పొటాషియంను పెంచగలదు కాబట్టి స్పైరనోలాక్టోన్‌తో కలిపి వాడేటప్పుడు డాక్టరు గమనిస్తూ ఉండాలి.

విరామం లేకుండా స్ట్రిప్ తర్వాత స్ట్రిప్ వాడే పద్ధతిని ఎంచుకున్నవారి సంగతి వేరు. ఈ పద్ధతిలో మొత్తం రక్తస్రావం తగ్గుతుంది, కానీ మొదటి కొన్ని నెలల్లో అనుకోని మరకలు నెలవారీ విరామం తీసుకునేవారి కంటే ఎక్కువగా ఉంటాయి. ఎప్పుడు వస్తుందో తెలియని చుక్కల కంటే ఫలానా రోజుల్లో వచ్చే రక్తస్రావమే నయమనుకునేవారు నెలవారీ పద్ధతికి తిరిగి వెళ్లడం మంచిది. విరామం లేని పద్ధతిలోనే ఉండాలనుకునేవారికి ఒక ఉపాయం ఉంది. కనీసం 21 రోజులు వరుసగా మాత్రలు వేసుకున్న తర్వాత రక్తస్రావం ఇబ్బంది పెడితే 3 నుంచి 4 రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టవచ్చు. మొదటి 21 రోజుల్లో ఇలా చేయకూడదు, నెలకు ఒకసారికి మించి కూడా చేయకూడదు, ఎందుకంటే అప్పుడు గర్భనిరోధక రక్షణ తగ్గుతుంది.

ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మాత్రలు వాడేవారికి క్రమం లేని రక్తస్రావం దాదాపు ఆ పద్ధతి లక్షణమే. వేళ విషయంలో కూడా వీటి మధ్య తేడా ఉంది. నోరెథిస్టెరోన్ మాత్ర 3 గంటలకు మించి ఆలస్యమైతే చాలు తప్పిపోయినట్టే, డెసోజెస్ట్రెల్‌కు 12 గంటలు, డ్రోస్పైరినోన్‌కు 24 గంటల వెసులుబాటు ఉంటుంది. ఈస్ట్రోజెన్ వాడడానికి అడ్డు లేనివారైతే ఉమ్మడి మాత్రకు మారితే రక్తస్రావం క్రమపడుతుంది. అడ్డు ఉంటే మాత్రం, రక్తస్రావాన్ని ఆపడం కోసం ఈస్ట్రోజెన్ వైపు వెళ్లకూడదు. ఆరా లక్షణాలతో (తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు కనిపించడం వంటివి) కూడిన మైగ్రేన్ ఉన్నవారు, 35 ఏళ్లు దాటి పొగతాగేవారు, గతంలో రక్తం గడ్డకట్టినవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు ఆ కోవకు చెందుతారు. పీసీఓఎస్‌లో రక్తపోటు, మధుమేహం ముందుగానే రావచ్చు కాబట్టి మాత్ర మొదలుపెట్టినప్పుడు సరిపోయిన స్త్రీకి అయిదేళ్ల తర్వాత సరిపోకపోవచ్చు, ఈ ప్రశ్నలు ఏటా మళ్లీ అడగాలి.

మాత్రలు కాని దారులు

మాత్ర రోజూ గుర్తుంచుకోవడమే సమస్య అయినవారికి యోని రింగు ఆలోచించదగినది. అందులోనూ ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉంటాయి కాబట్టి మాత్రలకు ఉన్న అడ్డంకులన్నీ దీనికీ వర్తిస్తాయి. అయితే మూడు వారాల పాటు హార్మోన్ నిలకడగా అందడం వల్ల మధ్యలో రక్తస్రావం చాలా ఉమ్మడి మాత్రల కంటే తక్కువగా ఉంటుంది.

52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ ఉన్న హార్మోన్ ఐయూడీ గర్భాశయ లోపొరను నేరుగా కాపాడుతుంది. పొర అసాధారణంగా మందమైనవారికి చికిత్సగా కూడా దీన్ని వాడతారు. ఈస్ట్రోజెన్ పడనివారికి, రక్తస్రావం ఎక్కువగా ఉన్నవారికి, ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉండాలనుకునేవారికి నా దృష్టిలో ఇదే ముందు వరుసలో నిలిచే ఎంపిక. రెండు విషయాలు మాత్రం ముందే తెలుసుకుని సిద్ధపడాలి. వేయించుకున్న తర్వాత మొదటి 3 నుంచి 6 నెలలు మరకలు, చుక్కలు ఉండవచ్చు, తర్వాతే రక్తస్రావం బాగా తగ్గుతుంది. రెండోది, ఇది మొటిమలను గానీ రోమాలను గానీ తగ్గించదు. వాటి కోసమే మాత్రలు మొదలుపెట్టినవారు ఐయూడీకి మారితే ఆ సమస్యలకు వేరే చికిత్స కావాలి.

గర్భనిరోధం అవసరం లేనివారికి, లేదా రోజూ హార్మోన్ తీసుకోవడం ఇష్టం లేనివారికి విడతలవారీ ప్రొజెస్టెరాన్ ఉంది. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ వంటిదాన్ని 10 నుంచి 14 రోజులు, నెలకో, రెండు మూడు నెలలకో ఒకసారి ఇచ్చి పొర రాలేలా చేస్తారు. పొరను కాపాడడానికి ఇది సరిపోతుంది, గర్భాన్ని ఆపడానికి కాదు, మొటిమలకూ కాదు. మెట్‌ఫార్మిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇన్సులిన్ సమస్యకు అది మంచి మందు, కొందరిలో నెలసరినీ మెరుగుపరుస్తుంది, కానీ నెలసరి నిజంగా వస్తోందో లేదో లెక్కించకుండా పొర రక్షణను దానికే వదిలేయడం సరికాదు.

త్వరగా ఆపాలన్న ఆరాటంలో

రక్తం ఆగడం లేదని రోజుకు రెండు మాత్రలు వేసుకునేవారు ఉన్నారు. కొంతకాలం ఆగినట్టు అనిపించినా, మోతాదు తగ్గించగానే హార్మోన్ పడిపోయి రక్తం మళ్లీ మొదలవుతుంది, పైగా స్ట్రిప్ లెక్క చెదిరిపోతుంది. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప చేయకూడని పని ఇది.

ఇంతకంటే ప్రమాదకరమైనది ట్రానెక్సామిక్ యాసిడ్‌ను సొంతంగా కొనుక్కుని వాడడం. అధిక నెలసరికి అది మంచి మందే. కానీ అది రక్తపు గడ్డలు కరగకుండా ఆపుతుంది, ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు గడ్డకట్టే స్వభావాన్ని పెంచుతాయి. రెండింటినీ కలిపి వాడరాదన్నది ఆ మందు పత్రంలోని హెచ్చరికల్లో ఒకటి. ఎవరికో పనిచేసిందని మీరూ తెచ్చుకోకండి. కడుపులో పుండు, కిడ్నీ సమస్య లేనివారికి కొద్ది రోజుల ఐబుప్రొఫెన్ గానీ మెఫెనామిక్ యాసిడ్ గానీ ఇవ్వవచ్చునేమో డాక్టరునే అడగండి.

పరీక్షలు వాయిదా వేయకూడని సందర్భాలు

పైన చెప్పిన ఓపిక అందరికీ కాదు. ఏడాది పాటు ఏ ఇబ్బందీ లేకుండా మాత్రలు వాడిన తర్వాత హఠాత్తుగా రక్తస్రావం మొదలైతే దాన్ని అలవాటు పడే దశగా భావించకూడదు. క్లమిడియా వంటి ఇన్‌ఫెక్షన్, గర్భాశయంలో పాలిప్ లేదా ఫైబ్రాయిడ్ వంటి పెరుగుదల, థైరాయిడ్ లోపం, గర్భాశయ ముఖద్వారంలో సమస్య ఏదైనా కావచ్చు. కలయిక తర్వాత రక్తం కనిపిస్తే గర్భాశయ ముఖద్వారాన్ని తప్పనిసరిగా పరీక్షించాలి. 45 ఏళ్లు దాటినవారికి, అంతకంటే చిన్నవారైనా ఏళ్ల తరబడి నెలసరి రాకుండా గడిపి, అధిక బరువు ఉండి, మందులకు లొంగని రక్తస్రావం ఉన్నవారికి లోపొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం అవసరమవుతుంది. ఈ మాట వినగానే భయపడి వాయిదా వేసేవారిని చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది, ఎందుకంటే తొలిదశలో గుర్తించిన మార్పులను చాలాసార్లు ప్రొజెస్టిన్‌తోనే సరిచేయవచ్చు. రక్తస్రావం వారాల తరబడి సాగితే హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా చూపించుకోవాలి.

గంటకొక ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతున్నా, నిలబడితే కళ్లు తిరుగుతున్నా, తీవ్రమైన కడుపునొప్పి ఉన్నా, గర్భ పరీక్షలో గర్భం ఉన్నట్టు తేలినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఉమ్మడి మాత్రలు వాడేవారిలో ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఎన్నడూ లేనంత తలనొప్పి గానీ చూపు మసకబారడం గానీ జరిగినా మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి. స్ట్రిప్ మధ్యలో ఆపకూడదన్న మాటకు ఇవి మినహాయింపులు.

మామూలు సందర్శనకు వెళ్లేటప్పుడు మాత్ర స్ట్రిప్‌ను, వాడుతున్న ఇతర మందులను వెంట తీసుకెళ్లండి. ఏ తేదీల్లో రక్తం కనిపించింది, ప్యాడ్ అవసరమైందా లేక మరక మాత్రమేనా, ఏ రోజు మాత్ర తప్పింది అన్నది రాసుకుని ఉంచుకోండి. కొత్త మాత్ర గానీ పద్ధతి గానీ నిర్ణయమయ్యాక దాన్ని ఎన్నాళ్లు చూడాలో, ఏ తేదీన మళ్లీ రావాలో ఆ రోజే అడిగి రాసుకోండి. ఉమ్మడి మాత్రకైతే మూడు నెలలు, హార్మోన్ ఐయూడీకైతే ఆరు నెలలు సరైన గడువు.